కేటగిరీ మనమే ఎంచుకునే క్రెడిట్ కార్డు: శ్రీకాకుళంలో రెండున్నరేళ్లు వాడాక

2023 ఆగస్టులో ఈ కార్డు తీసుకున్నాను. బ్యాంకు పేరు రాయడం లేదు. కింద కొన్ని తిట్లున్నాయి, వాటిలో సగం నాకే చెందుతాయి.

పద్ధతి ఇదీ. హోటళ్లు-ఫుడ్ డెలివరీ, ప్రయాణాలు, కిరాణా-సూపర్‌మార్కెట్, మందులు, ఎలక్ట్రానిక్స్, బట్టలు అని ఆరు కేటగిరీలు ఉంటాయి. అందులో రెండు మనం టిక్కు పెట్టుకుంటే వాటి మీద 5 శాతం వెనక్కి వస్తుంది, మిగతా వాటి మీద 1 శాతం. ఎంచుకున్న ఒక్కో కేటగిరీకి నెలకు ₹500 దాటి ఇవ్వరు. దాటాక ఆ నెలకు అందులో సున్నా. మూడు నెలలకోసారి మార్చుకోవచ్చు. పెట్రోలు, ఇంటద్దె, వాలెట్‌లో డబ్బు వేసుకోవడం, ఈఎంఐలు లెక్కలోకి రావు. ఫీజు ఏడాదికి ₹500, జీఎస్టీతో ₹590. లక్ష ఖర్చు చేస్తే మరుసటి ఏడాది ఫీజు ఉండదు.

కార్డు రాగానే నేను చేసిన తెలివైన పని హోటళ్లు, ప్రయాణాలు ఎంచుకోవడం. యూట్యూబ్‌లో చూసిన వాళ్లంతా అవే చెప్పారు మరి. వాళ్లుండేది హైదరాబాద్, బెంగళూరుల్లో. మా ఇంట్లో బయటి తిండి నెలకు ₹1,100 దాటదు. విశాఖ వెళ్లాలంటే ఆర్టీసీ కాంప్లెక్సుకి వెళ్లి బస్సెక్కి టికెట్ తీసుకుంటాం. మూడు నెలల్లో ప్రయాణం కింద పడింది ₹2,900 పెట్టి కొన్న హైదరాబాద్ టికెట్లు మాత్రమే. తిండి మీద ₹165, టికెట్ల మీద ₹145, మిగతా చిల్లర కొనుగోళ్ల మీద ₹150. మొత్తం ₹460. కట్టిన ఫీజు కూడా రాలేదు.

అప్పుడు మా ఆవిడ డైరీ తెచ్చి నా ముందు పెట్టింది. పాల లెక్కతో సహా అన్నీ రాస్తుంది తను. నెలకు ఖర్చు సుమారు ₹32,000. అందులో రైతుబజారు, చేపలు, పాలు, ఆటో, పిల్లల ఫీజులు తీసేస్తే కార్డు అందుకోగలిగేది ₹13,000 పైచిలుకే. అందులో పెద్దవి రెండు: సరుకులు, నాన్నగారి బీపీ, షుగర్ మందులు. జవాబు ఇంట్లోనే ఉంది, నేను ఫోన్లో వెతికాను.

సరే, కిరాణా, మందులు అని మార్చాను. మందుల విషయంలో గొడవే లేదు. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర మేం ఎప్పుడూ కొనే షాపులో పైసా అదనంగా అడగకుండా కార్డు గీకుతారు. నెలకు ₹3,200 మందులకు ₹160 వస్తోంది.

కిరాణా దగ్గరే చిక్కొచ్చింది. నాన్నగారి కాలం నుంచి మాకు ఖాతా ఉన్న కొట్టు ఒకటుంది. కార్డు తీయగానే ఆయన, "ఏటి మాస్టారూ, మీరు కూడానా! రెండు శాతం ఎక్కువవుద్ది మరి" అన్నారు. ఆ రెండు పోతే 5లో మిగిలేది మూడే. అదీ కాక ఇన్నేళ్ల మనిషితో ఆ బేరం ఆడబుద్ధి కాలేదు. ఆయన దగ్గర క్యూఆర్ కోడ్ ఉంది గానీ, యూపీఐకి కలపగలిగేది రూపే క్రెడిట్ కార్డులనే. 2022లో ఆర్‌బీఐ అనుమతించింది వాటికే. నాది వీసా. ఇవాళ కార్డు తీసుకునేవాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే: మనలాంటి ఊళ్లలో రూపేలో దొరుకుతుందేమో అడగండి.

చివరికి బియ్యం, పప్పులు ఆయన దగ్గరే ఉంచి, మిగతా సరుకులు సూపర్‌మార్కెట్‌కి మార్చాం. మొదటి నెల ₹5,800 బిల్లు. ₹290 రావాలి, ₹58 వచ్చింది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, పాట మొత్తం వినిపించాక, "షాపు కోడ్ మా చేతిలో ఉండదు సార్" అన్నారు. అప్పుడు తెలిసింది. ప్రతి షాపు స్వైపింగ్ మిషన్ వెనక నాలుగంకెల కోడ్ ఒకటుంటుంది. సూపర్‌మార్కెట్‌కి 5411, మందుల షాపుకి 5912, డిపార్ట్‌మెంట్ స్టోర్‌కి 5311. బోర్డు మీద ఏం రాసున్నా కార్డు చూసేది ఆ కోడే. మేం వెళ్లిన చోట బియ్యం, బట్టలు, బకెట్లు అన్నీ అమ్ముతారు, అది డిపార్ట్‌మెంట్ స్టోర్ కింద నమోదైంది.

అందుకని ఇప్పుడు కొత్త షాపుకి వెళ్తే ముందు సబ్బులో బిస్కెట్లో ఓ ₹60కి కొని కార్డు గీకుతాను. రెండు మూడు రోజులాగి యాప్‌లో ఏ కేటగిరీ కింద చూపించిందో చూశాకే పెద్ద బిల్లు. కౌంటర్ కుర్రాడు వింతగా చూస్తాడు, చూడనీండి. అలా రెండో సూపర్‌మార్కెట్ సరిగ్గా కుదిరింది. నెలకు ₹6,000 కొంటే ₹300.

ఇంకో తెలివైన పని కూడా ఉంది. నిరుడు దసరాకి ఫ్రిజ్ కొనాలనుకున్నాం, ₹31,000. మందులు తీసేసి ఎలక్ట్రానిక్స్ పెట్టాను. 5 శాతం అంటే ₹1,550 అని మనసులో ఖర్చు కూడా పెట్టేసుకున్నాను. వచ్చింది ₹500, నెల పరిమితి అంతే కదా. కేటగిరీ మార్చకుండా కొనుంటే 1 శాతం చొప్పున ₹310 ఎలాగూ వచ్చేది. అంటే మార్చినందుకు లాభం ₹190. ఆ మూడు నెలలూ మందుల మీద 5కి బదులు 1 శాతమే వచ్చి ₹384 పోయింది. నికరంగా ₹194 నష్టం. పైగా మూడు నెలలు గడిచేదాకా వెనక్కి మార్చుకోనివ్వరు. ఒక్కసారి కొనే పెద్ద వస్తువు కోసం కేటగిరీని కదపకండి.

డాలస్‌లో ఉండే మా బావకి ఈ బాధే లేదు. ఆయన సిటీ కస్టమ్ క్యాష్ కార్డు, బిల్లు నెలలో దేని మీద ఎక్కువ ఖర్చయిందో అదే చూసుకుని, వాళ్ల జాబితాలో ఉన్నదైతే దాని మీద 5 శాతం ఇస్తుంది, 500 డాలర్ల ఖర్చు వరకు. ఎంచుకునే పనే లేదు. వింటే నాకు కాస్త కుళ్లు పుట్టిన మాట నిజం.

ఇక డబ్బు నిజంగా పోయిన చోటు. చెల్లి పెళ్లి హడావుడిలో ₹14,200 బిల్లు ఐదు రోజులు ఆలస్యంగా కట్టాను. ఆలస్య రుసుము, వడ్డీ, వాటి మీద జీఎస్టీ కలిపి ₹1,480. వడ్డీ ఆలస్యమైన ఐదు రోజులకే కాదు, కొన్న తేదీ నుంచి లెక్కకట్టారు. మూడు నెలల క్యాష్‌బ్యాక్ ఒక్క బిల్లుకి పోయింది. ఆ రోజే మొత్తం బిల్లుకి ఆటో డెబిట్ పెట్టాను. అక్కడ 'మినిమమ్ డ్యూ' అని, బిల్లులో కొద్ది భాగమే కట్టే ఇంకో ఆప్షన్ కనిపిస్తుంది, దాన్ని ముట్టుకోవద్దు. ప్రతి నెలా వడ్డీ పడేది దానితోనే.

మొదటి ఏడాది రెండో సగం నుంచి, ఫ్రిజ్ మూణ్ణెల్లు వదిలేస్తే, సరుకుల మీద ₹300, మందుల మీద ₹160, మిగతా ₹4,000 మీద ₹40, నెలకు ₹500 వస్తోంది. ఖర్చు లక్ష దాటుతోంది కాబట్టి ఫీజు పడటం లేదు. ఇప్పటిదాకా వచ్చిందంతా కలిపితే నాన్నగారి మందులు మూడు నెలలు దాటి కొన్నట్టు లెక్క. ఇంట్లో మందుల ఖర్చు లేనివాళ్లకి, సరుకులన్నీ వీధి కొట్లో తెచ్చుకునేవాళ్లకి ఈ కార్డు దండగ. ఆన్‌లైన్‌లోనే ఎక్కువ కొనేవాళ్లకి ఏ టిక్కులూ పెట్టక్కర్లేని కార్డులు వేరే ఉన్నాయి, అవి చూసుకోండి.

మొన్న మళ్లీ కేటగిరీలు మార్చుకోమని మెసేజ్ వచ్చింది. సంక్రాంతి బట్టలున్నాయి కదా అని యాప్ తెరిచాను. మా ఆవిడ వంటింట్లోంచే, "ఫ్రిజ్ గుర్తుందా?" అంది. మూసేశాను.