పాత ట్రైలర్‌తో టూసాన్ నుంచి చిరికావా దాకా: ఎక్కడ దిగాలి, బయల్దేరేముందు ఏం బాగుచేయాలి

కారు వెనక తగిలించుకుని లాక్కెళ్తూ, రాత్రి లోపలే పడుకునే ట్రైలర్లలో, 1950, 60ల్లో అమెరికాలో తయారైన 13 నుంచి 16 అడుగుల చిన్నవాటికి అక్కడ 'క్యాన్డ్ హ్యామ్' అని పేరు. పక్కనుంచి చూస్తే పాతకాలపు మాంసం డబ్బాని నిలబెట్టినట్టు ఉంటాయి. షాస్టా, సెర్రో స్కాటీ ఈ తరహావే. షాస్టాల్లో చాలావాటికి వెనక రెండు రెక్కలుంటాయి కాబట్టి అరమైలు దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. ఇలాంటిది బాగుచేసుకుని తిరగాలనుకునేవాళ్లకి అరిజోనా ఆగ్నేయ మూల మంచి దారి. టూసాన్‌లో మొదలుపెట్టి బెన్సన్, బిస్బీ, డగ్లస్, చిరికావా కొండలు చూసుకుని విల్‌కాక్స్ మీదుగా వెనక్కి రావచ్చు. ఐదు రోజులు సరిపోతాయి. ఫీనిక్స్, చాండ్లర్‌లో ఉండే తెలుగువాళ్లకి టూసాన్ సుమారు రెండు గంటల ప్రయాణమే. అక్టోబరు నుంచి ఏప్రిల్ మధ్య వెళ్లాలి. జూన్‌లో ఆ అల్యూమినియం డబ్బాలో పడుకుంటే పెనం మీద పడుకున్నట్టే.

ట్రైలర్ ఇంకా కొననివాళ్లు మాత్రం ఈ వరస తిరగేసి ముందు బిస్బీ వెళ్లడం మంచిది. అక్కడ షేడీ డెల్ అనే చోట పాత ట్రైలర్లనే గదులుగా అద్దెకిస్తారు. 80వ నంబరు హైవే మీద వచ్చేపోయే ప్రయాణికుల ట్రైలర్లకి 1927 నుంచీ చోటిచ్చిన స్థలమది. 1949 నాటి ఎయిర్‌స్ట్రీమ్, 1951 నాటి రాయల్ మాన్షన్ లాంటివాటిని ఆ కాలపు సామాను, రేడియోలతో సహా నిలబెట్టారు. స్నానాలగది అందరికీ ఉమ్మడి, రాత్రిపూట టార్చి పట్టుకుని నడవాల్సిందే. అది లోపంగా చెప్పడం లేదు. చిన్న ట్రైలర్లలో చాలావాటికి బాత్రూం అసలు ఉండదు, అర్ధరాత్రి ఆ నడక మీకు పడుతుందో లేదో ఒక్క రాత్రిలో తేలిపోతుంది. మంచం పొడవు సరిపోతుందా, ఇద్దరు ఒకేసారి లేచి నిలబడితే దారి ఉంటుందా అన్నదీ అక్కడే తెలుస్తుంది. వేలకి వేలు పోసి, ఏడాది చాకిరీ చేశాక తెలుసుకోవడం కంటే ఇది నయం. గదులు కొద్దే కాబట్టి, తెరిచి ఉండే తేదీలు ముందు కనుక్కుని ఖాయం చేసుకోండి.

కొనేటప్పుడు రంగుని, ముద్దొచ్చే కర్టెన్లని చూడకండి. వెనక వైపు కింది మూలలు రెండూ, కిటికీల కింది అంచులు, పైకప్పు గాలి మూత చుట్టూ, పక్క లైట్ల వెనక ఉన్న కర్ర చూడండి. నీళ్లు దిగేది అక్కడే. మొనదేలిన ఊచతో గుచ్చితే మెత్తగా దిగిందంటే లోపలి చట్రం పుచ్చిపోయింది. తేమ కొలిచే మీటర్ 20 శాతం దాటి చూపించినా అనుమానించాల్సిందే. ఎండ రాష్ట్రంలో పెరిగిన ట్రైలర్ కదా, పుచ్చు ఉండదులే అనుకోవద్దు. అరిజోనా ఎండకి కీళ్ల మధ్య పెట్టిన పాత పుట్టీ ఎండి పెళుసైపోతుంది. జులైలో వానలు మొదలవగానే ఆ పగుళ్లలోంచే నీరు దిగుతుంది. కాగితాలూ చూసుకోవాలి. ముందు లాగుడు కమ్మీ మీద చెక్కిన నంబరు, టైటిల్ (యాజమాన్య పత్రం) మీది నంబరు ఒకటే కావాలి. టైటిల్ లేకపోతే అరిజోనాలో పూచీకత్తు బాండు కట్టి తెచ్చుకునే పద్ధతి ఉంది, కానీ ఆ ఖర్చు, తిరుగుడు ధరలోంచి తగ్గించి బేరమాడాలి.

ఈ ట్రైలర్లని లోపలినుంచి బయటికి కట్టారు. ముందు లోపలి ప్లైవుడ్, దానిమీద సన్నని కర్రల చట్రం, చివర అల్యూమినియం రేకు. కాబట్టి మరమ్మతు బయటినుంచి లోపలికి జరగాలి. మూలల పట్టీలు, కిటికీలు, తర్వాత రేకులు విప్పితే చట్రం బయటపడుతుంది. చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే లోపలి అరలు, బల్లలు కూడా ఒకేసారి పీకేయడం. గోడలని నిలబెట్టేది అవే. అన్నీ తీసేస్తే ట్రైలర్ పక్కకి ఒరుగుతుంది, తర్వాత పాత రేకు కొత్త చట్రానికి అంగుళం తేడాతో కూర్చోదు. ముందు అడ్డకర్రలు బిగించి, ఒక్కో పక్కా విడివిడిగా చేసుకోవాలి. పుచ్చిపోయిన ముక్కని కూడా పారేయకండి, కొత్తది కోయడానికి అదే కొలత. లోపలి గోడకి 3 మిల్లీమీటర్ల బర్చ్ ప్లైవుడ్ వాడి, దానిమీద తేనెరంగు షెల్లాక్ (లక్క వార్నిష్) రెండు మూడు పూతలు వేస్తే పాతదానికి దగ్గరగా వస్తుంది.

రేకుల కీళ్ల మధ్యకి, నీళ్లు దిగకుండా ఆపే జిగురు రబ్బరు పట్టీ, అంటే బ్యూటైల్ టేపు వెళ్లాలి, అంగుళం వెడల్పు, అంగుళంలో ఎనిమిదో వంతు మందం. పట్టీని 8వ నంబరు స్టెయిన్‌లెస్ స్క్రూలతో కొంచెం కొంచెంగా బిగించాలి. ఒకేసారి బిగిస్తే టేపు అంతా బయటికి వచ్చేస్తుంది. ఒక ఎండ తగలనిచ్చి, మర్నాడు మళ్లీ బిగించి, పొంగిన టేపుని ప్లాస్టిక్ చెక్కతో గీకేయాలి. పాత రంధ్రం వదులైతే 10వ నంబరు స్క్రూ వేసుకోవచ్చు. సిలికోన్ మాత్రం దగ్గరికి రానివ్వొద్దు. అది ఒకసారి పూశాక దానిమీద రంగూ అంటదు, ఇంకో సీలెంటూ అంటదు, చివరికి కొత్త సిలికోనూ అంటదు. పాత యజమాని సిలికోన్ ట్యూబు పట్టుకుని తిరిగిన ట్రైలర్ అయితే, దాన్ని గీకడానికే రెండు వారాంతాలు పోతాయని లెక్కేసుకోండి.

కరెంటు దగ్గరే ప్రాణాపాయం. ఆ కాలపు ట్రైలర్లలో ఎర్త్ తీగ లేని రెండు పిన్నుల ప్లగ్గులే ఎక్కువ. ఒంటి నిండా లోహమే కాబట్టి లోపల ఎక్కడ తీగ ఒలిచినా బయటి రేకంతా షాక్ కొడుతుంది. తడి నేల మీద నిలబడి తలుపు పట్టుకున్నప్పుడు జివ్వుమంటే వెంటనే ప్లగ్గు లాగేయాలి. తీగలన్నీ తీసి ఎర్త్‌తో కలిపి మూడు తీగలు వేయాలి, రేకుని, చట్రాన్ని ఎర్త్‌కి కలపాలి, ప్లగ్గులకి జీఎఫ్‌సీఐ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే పరికరం) రక్షణ ఉండాలి. ట్రైలర్ లోపలి ప్యానెల్‌లో న్యూట్రల్, ఎర్త్ రెండూ ఎప్పుడూ కలవకూడదు. ఇళ్ల వైరింగుకి అలవాటుపడ్డ ఎలక్ట్రీషియన్ చేసే తప్పు సరిగ్గా ఇదే. ఇంకో తప్పు కూడా ఉంది. క్యాంపు గ్రౌండ్‌లో వాడే 30 యాంపుల మూడు పిన్నుల ప్లగ్గు 120 వోల్టులది. చూడటానికి బట్టలారబెట్టే యంత్రం ప్లగ్గులా ఉంటుందని ఇంటి దగ్గర దానికి 240 వోల్టులు ఇచ్చేవాళ్లున్నారు. అలా ఇస్తే ఫ్రిజ్, చార్జర్ అన్నీ ఒక్క క్షణంలో మాడిపోతాయి. కొత్త చోట గుచ్చేముందు మీటర్‌తో చూడటం మేలు.

గ్యాసుకి పాత రబ్బరు గొట్టాలు, పాత రెగ్యులేటర్ అసలు వాడకండి. రెండూ కొత్తవి వేసి, స్టవ్వు దగ్గర ఒత్తిడి 11 అంగుళాల నీటి మట్టానికి (గ్యాసు ఒత్తిడిని కొలిచే పద్ధతి ఇది) వచ్చేలా గ్యాసు పనివాడి చేత చూపించాలి. ప్రొపేన్ గాలికన్నా బరువు కాబట్టి దాని అలారం నేలకి దగ్గరగా ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం వేరే కావాలి. మన వంటతో ఇంకో చిక్కు. పోపు ఘాటు సంగతి సరే, కుక్కర్ నాలుగు విజిళ్లు వేస్తే ఆ ఆవిరంతా చలి రాత్రి రేకు మీద నీరై గోడ లోపలికి దిగుతుంది. వాన కురవని చోట కూడా చట్రం అలాగే పుచ్చుతుంది. పైమూత, ఒక కిటికీ తెరిచి వండాలి, లేదా వంట బయట బల్ల మీద పెట్టుకోవాలి. అయినా కుక్కర్ వదిలి వెళ్లొద్దు. బిస్బీ సుమారు 5,500 అడుగుల ఎత్తులో ఉంది, నీళ్లు దాదాపు 94 డిగ్రీలకే మరుగుతాయి, కుక్కర్ లేకుండా కందిపప్పు ఉడకడానికి ఓపిక కావాలి.

ఇక చక్రాలు. టైరు మీది నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. ఐదారేళ్లు దాటితే గీతలు ఎంత బాగున్నా మార్చేయాలి, ఆ ఎండకి పక్కగోడ లోలోపల చీలుతుంది. బేరింగులు ఏడాదికోసారి కడిగి గ్రీజు కూరాలి. కొత్తవి కొనేముందు ఇరుసు మొనని కాలిపర్‌తో కొలవండి. కంపెనీ పేరు చెప్పి కొంటే తప్పుతుంది, ఎందుకంటే ఇన్నేళ్లలో ఇరుసు మారే ఉండొచ్చు. చక్రాల నట్లు బయల్దేరాక 10, 25, 50 మైళ్ల దగ్గర ఆగి టార్క్ రెంచ్‌తో మళ్లీ చూడాలి. ట్రైలర్‌ని కారుకి తగిలించే హిచ్ బంతి విషయంలో, దాని మీద కూర్చునే ట్రైలర్ కప్పు మీద చెక్కిన కొలత చదవాలి. 2 అంగుళాల కప్పు 1 7/8 అంగుళాల బంతి మీద కూర్చుంటుంది, తాళమూ పడుతుంది, మొదటి గతుకులో ఎగిరిపోతుంది. ఆ బంతి మీద పడే ముందుభాగం బరువు ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. నీళ్ల డబ్బాలు, కూలర్ వెనక పేర్చి ఇది తగ్గించుకుంటే 55 మైళ్ల వేగంలోనే ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది.

మొదటి రాత్రికి టూసాన్ పడమర గిల్బర్ట్ రే బాగుంటుంది. చుట్టూ సగ్వారో చెట్లు, 30 యాంపుల కరెంటు, ఎడారి మ్యూజియం పక్కనే. షవర్లు లేవు. చూడటానికి దగ్గరని గేట్స్ పాస్ దారి పట్టొద్దు, ఆ మలుపుల్లోకి ట్రైలర్లు తీసుకెళ్లకూడదు. ఆహో వే (Ajo Way) మీదుగా కిన్నీ రోడ్డు పట్టుకోవాలి. స్నానం తప్పనిసరి అనుకునేవాళ్లు ఊరికి ఉత్తరాన కటలీనా స్టేట్ పార్కులో దిగొచ్చు. కరెంటు, నీళ్లు, వేడి షవర్లు, మురుగు పారబోసే చోటు అన్నీ ఉన్నాయి, కాకపోతే ఊరి సందడి దగ్గర. ఎక్కడ దిగినా ఎడారి ఎలుకల్ని మరవొద్దు. రాత్రికి రాత్రే కారు బానెట్ కింద గూడు పెట్టి తీగలు కొరికేస్తాయి. బానెట్ తెరిచి పెట్టుకోవడం అక్కడివాళ్ల అలవాటు. ట్రైలర్ అడుగున ఉన్న ప్రతి కంతలో ఉక్కు పీచు కుక్కాలి.

బెన్సన్‌కి దక్షిణంగా ఉన్న కార్చ్‌నర్ కేవర్న్స్ స్టేట్ పార్కు ఈ దారి మొత్తంలో సదుపాయానికి మొదటిది. ప్రతి చోటుకీ కరెంటు, నీళ్లు, దగ్గర్లో శుభ్రమైన షవర్లు, చీకటి ఆకాశం. కుళాయికి నేరుగా గొట్టం తగిలించకండి, మధ్యలో నీటి ఒత్తిడిని 45 పీఎస్ఐ దగ్గర ఆపే రెగ్యులేటర్ ఉండాలి. లేకపోతే పాత రాగి గొట్టాల టంకాలు విడిపోతాయి. సింక్ నీళ్లు నేలమీద వదలకూడదు, కింద చక్రాల డబ్బా పెట్టుకోవాలి. 1974లో ఇద్దరు యువకులు కనిపెట్టి ఏళ్ల తరబడి రహస్యంగా దాచిన గుహ ఇది, 1999లో జనానికి తెరిచారు. లోపలికి కెమెరా పనికిరాదు, టికెట్ ముందే తీసుకోవాలి.

అక్కడినుంచి బిస్బీకి మ్యూల్ పాస్ ఎక్కి దిగాలి. శిఖరం సుమారు 6,000 అడుగులు, సొరంగం దాటగానే ఊరిలోకి వాలు. ఎలక్ట్రిక్ బ్రేకులు లేని ట్రైలర్ అసలు బరువు ఇక్కడ తెలుస్తుంది. చట్టం బరువుని బట్టి మినహాయింపు ఇచ్చినా బ్రేకులు వేయించుకోవాలనే మా సలహా. పాత బిస్బీ సందుల్లోకి ట్రైలర్‌తో దూరితే వెనక్కి తిప్పడం గగనం. సొంత ట్రైలర్ ఉన్నవాళ్లకి ఊళ్లోని పాత రాగి గని అంచున క్వీన్ మైన్ ఆర్వీ పార్కు ఉంది. కంకర నేల, నీడ లేదు, అందం కోసం వెళ్లేది కాదు. కానీ కరెంటు, నీళ్లు, మురుగు కనెక్షన్లు అన్నీ ఉన్నాయి, ఊరికీ గని యాత్రకీ నడిచి వెళ్లొచ్చు. గనిలో ఎప్పుడూ 8 డిగ్రీల చలే, స్వెటర్ కావాలి.

సరిహద్దు ప్రాంతం కాబట్టి 80, 90, 191 హైవేల మీద బోర్డర్ పెట్రోల్ తనిఖీలు తగులుతాయి. వీసా మీద ఉన్నవాళ్లు అసలు పాస్‌పోర్టు, ఐ-94 (దేశంలోకి వచ్చినప్పటి నమోదు) ప్రింటు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు అసలు కార్డు దగ్గర పెట్టుకోవాలి. ఇంట్లో ఉందని చెబితే కుదరదు.

డగ్లస్‌లో పెట్రోలు ట్యాంకు, నీళ్ల డబ్బాలు, ఐసు నింపుకుని 191, 181 మీదుగా చిరికావా చేరాలి. ఈ పాత ట్రైలర్ పడ్డ కష్టానికి ప్రతిఫలం దక్కేది బొనీటా కాన్యన్ క్యాంపు గ్రౌండ్‌లోనే. 29 అడుగులు దాటిన బండ్లకి అక్కడ చోటు లేదు. ఓక్ చెట్ల మధ్య ఇరుకు మలుపుల్లో కొత్తకాలపు పెద్ద ట్రైలర్లు తిరగలేవు, 14 అడుగులది హాయిగా దూరిపోతుంది. కరెంటు లేదు, షవర్ లేదు. నీళ్లు, మరుగుదొడ్లు ఉన్నాయి. రెండు రాత్రులకి లైట్లు, పంపు నడవాలంటే 100 యాంపు అవర్ల బ్యాటరీ చాలు, హీటర్ పెట్టాలంటే చాలదు. శీతకాలం రాత్రులు గడ్డకట్టే చలి, గొట్టాల్లో నీళ్లన్నీ బయటికి పారబోసి పడుకోవాలి. వాగు పక్క చోట్లు వానాకాలం వద్దు. ట్రైలర్‌ని అక్కడే వదిలి, కొండ మీద నుంచి చుట్టూ చూసే మసాయ్ పాయింట్‌కి కారులో వెళ్లాలి. చోట్లు ముప్పైకి లోపే కాబట్టి వారాంతానికి ముందే బుక్ చేసుకోవాలి.

తిరుగు దారిలో విల్‌కాక్స్ దగ్గర ఎండిన సరస్సు నేల మీదుగా ఐ-10 మీదికి దుమ్ము గోడలా లేస్తుంది. ముందు కారు కనపడకపోతే రోడ్డు దిగి వీలైనంత దూరం వెళ్లి ఆపాలి. అన్ని లైట్లూ ఆర్పేయాలి, హ్యాండ్ బ్రేక్ వేసి, కాలు బ్రేక్ మీంచి తీసేయాలి. బ్రేక్ లైటు వెలుగుతుంటే వెనక వచ్చే ట్రక్కు అదే రోడ్డనుకుని నేరుగా మీ ట్రైలర్ మీదికి వస్తుంది.