హైదరాబాద్ మారథాన్: ఎక్కడ దిగాలి, ఎక్కడ దిగితే చస్తాం

ముందే చెప్తున్నా, నేనేం పెద్ద రన్నర్ని కాదు. బెజవాడలో సింగ్ నగర్‌లో ఉంటా, మా ఊళ్లో రోడ్డంటే బల్లపరుపు, కాలవ గట్టు మీద పరిగెత్తినా ప్రకాశం బ్యారేజీ మీద పరిగెత్తినా ఎత్తు అనేదే తెలీదు. అలాంటోణ్ణి మా బావ మాట విని 2023లో హైదరాబాద్‌లో హాఫ్ (21 కిలోమీటర్లు) పరిగెత్తా, అది పూర్తయిందన్న పొగరుతో 2024 ఆగస్టు 25న ఫుల్‌కి (42 కిలోమీటర్లు) దిగా. రెండుసార్లూ రెండు వేరే చోట్ల బస చేశాం కాబట్టి, వెళ్లేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా.

అసలు చిక్కు ఎక్కడంటే ఇది ఒక చోట మొదలై అదే చోట అయిపోయే రేసు కాదు. స్టార్ట్ నెక్లెస్ రోడ్డు మీద పీపుల్స్ ప్లాజా, ఫినిష్ గచ్చిబౌలి స్టేడియం. మధ్యలో ఖైరతాబాద్, పంజాగుట్ట, జూబ్లీహిల్స్, కేబుల్ బ్రిడ్జి, మాదాపూర్ అంతా ఉంటుంది. మామూలు రోజున ఆఫీసు టైములో ఆ దారిలో కారులో వెళ్లినోళ్లకి చెప్పక్కర్లేదు. కాబట్టి రూమ్ ఎక్కడ తీసుకోవాలన్నది షూ ఏవి కొనాలన్నంత పెద్ద ప్రశ్న, కానీ దాని గురించి ఎవరూ మాట్లాడరు, అందరూ పరుగు మధ్యలో శక్తి కోసం చప్పరించే జెల్స్ గురించే మాట్లాడతారు.

2023లో ఫినిష్ దగ్గర దిగాం. గచ్చిబౌలిలో ఒక సర్వీస్ అపార్ట్‌మెంటు, రోజుకి 2,600, ఇద్దరికి. నీట్‌గానే ఉంది, ఫ్రిజ్ ఉంది, పొయ్యి ఉంది, బావ అన్నం వండేసి పెరుగు కలిపేశాడు. కార్బ్ లోడింగ్ అని, అంటే రేసుకి ముందు పిండిపదార్థాలు దట్టించడం, కుర్రాళ్లు పాస్తాల కోసం పరిగెడతారు గానీ మనం పుట్టినప్పట్నుంచీ చేస్తున్నది అదే కదా. బాధ మొత్తం తెల్లవారుజామున మొదలైంది. నాలుగింటికి బుక్ చేసిన క్యాబ్ వాడు "ఎక్కడికి సార్, క్యాషా ఆన్‌లైనా" అని అడిగి క్యాన్సిల్ కొట్టాడు, రెండోవాడూ అంతే, మూడోవాడు వచ్చాడు గానీ రోడ్లు మూసేస్తున్నారని ఖైరతాబాద్‌కి ఇవతలే దింపేశాడు, అక్కణ్ణుంచి బ్యాగులేసుకుని జాగింగ్. వార్మప్ అయిపోయిందిలే అన్నాడు బావ. నాకు మాత్రం రేసుకి ముందే సగం ప్రాణం పోయింది. అయితే ఒకటి ఒప్పుకోవాలి, ఫినిష్ అయ్యాక పది నిమిషాల్లో రూమ్‌లో వేణ్ణీళ్ల కింద నిలబడటం ఉంది చూశారూ, ఆ సుఖం ముందు 2,600 ఏం లెక్క.

2024లో తెలివి వచ్చిందనుకుని స్టార్ట్ వైపు తీసుకున్నాం. లక్డీకాపూల్‌లో ఒక లాడ్జి, 1,800. అక్కణ్ణుంచి పీపుల్స్ ప్లాజాకి నడిచి అరగంట, ఎవరి దయా అక్కర్లేదు. ఫోటోల్లో చూసిన రూమ్ వేరు, ఇచ్చిన రూమ్ వేరు, అది మామూలే కాబట్టి గొడవ పెట్టుకోలేదు. కానీ గీజర్ పొద్దున ఆరింటికి గానీ వెయ్యం అన్నారు. రేసుకి మూడింటికి లేవాలి బాబూ అంటే కౌంటర్లో కుర్రాడు నన్ను పైనుంచి కిందికి చూసి "మూడింటికి స్నానం ఎందుకు సార్, పరిగెత్తి వచ్చాక చెయ్యండి" అన్నాడు. ఆలోచిస్తే వాడు చెప్పిందే కరెక్టు. ఇంకో ఇబ్బంది చెకౌట్. మధ్యాహ్నం పన్నెండు అంటే పన్నెండే, ఫినిష్ నుంచి వెనక్కి వచ్చేసరికి పన్నెండున్నర దాటింది, సగం రోజు అద్దె అదనంగా గుంజారు. అప్పుడు తిట్టుకున్నా గానీ ఆ సగం రోజు మంచం లేకపోతే నా పరిస్థితి ఏంటో తర్వాత అర్థమైంది.

మూడో దారి చుట్టాలిల్లు. మా ఆఫీసులో అమ్మాయి 10కె చేసింది, వాళ్ల పిన్ని ఇల్లు నిజాంపేటలో. బస ఫ్రీ. కానీ శ్రావణమాసం, పిన్నిగారు గుత్తివంకాయ, పులిహోర, పూర్ణాలు చేసి కూర్చోబెట్టారట, "ఏం పరుగో ఏంటో, సన్నగా పుల్లలా అయిపోయావు" అంటూ. రాత్రి పదకొండున్నర దాకా పెళ్లి సంబంధాల చర్చ. ఆ పూర్ణాలు తనతో పాటే పది కిలోమీటర్లూ పరిగెత్తాయంది. చుట్టాలింట్లో దిగితే డబ్బులు మిగులుతాయి, నిద్ర మిగలదు.

బిబ్, అంటే ఛాతీకి తగిలించుకునే నంబర్ కాగితం, తీసుకోవడానికి శనివారం మాదాపూర్ వైపు హైటెక్స్ ఎగ్జిబిషన్ హాళ్లకి వెళ్లాలి. మేం పొద్దున సాతవాహన ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్‌లో దిగి, అక్కణ్ణుంచి మెట్రోలో నేరుగా రాయదుర్గం, తర్వాత ఆటో. రైలు మారక్కర్లేదు, హాయి. బిబ్‌లు ఇచ్చే చోట పెట్టే ఎక్స్‌పోలో చూడాల్సింది చాలా ఉంటుంది, నా సలహా ఏంటంటే చూడొద్దు. రెండు గంటలు ఆ సిమెంటు నేల మీద తిరిగితే ఆదివారం కాళ్లు అడుగుతాయి. కొత్త సాక్సులు కూడా కొనొద్దు. నేను కొన్నా, వేసుకున్నా, బొబ్బ వచ్చింది.

ఇక రేసు. ఆగస్టు చివర్లో హైదరాబాద్ చల్లగా ఉంటుందని బెజవాడ వాళ్లం మురిసిపోతాం. చల్లగానే ఉంటుంది, నిలబడితే. వానాకాలం గాలిలో తేమ ఎంత ఉంటుందంటే కారిన చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, ఐదు కిలోమీటర్లకే బనీను పిండితే నీళ్లు. దాహం వేసిన ప్రతిసారీ ఉత్త నీళ్లే తాగితే ఒంట్లో ఉప్పు పల్చబడి ఇంకో ప్రమాదం. నేను జేబులో ఉప్పు, చక్కెర కలిపిన పొట్లాలు పెట్టుకున్నా. దారిలో స్టేషన్లలో నీళ్లు, ఎలక్ట్రోలైట్, అరటిపండు, నారింజ తొనలు ఇస్తూనే ఉన్నారు, వాలంటీర్లు కాలేజీ పిల్లలు, అంత పొద్దున్నే అంత గొంతు ఎక్కణ్ణుంచి వస్తుందో వాళ్లకి.

చీకట్లో హుస్సేన్‌సాగర్ పక్కన మొదలుపెట్టినప్పుడు అంతా పండగలా ఉంటుంది. ఖైరతాబాద్ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే అవతల వినాయకుడి పరంజా. 1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలుపెట్టారట అక్కడ, ఆ ఏడాది 70 అడుగులు. చవితికి ఇంకా రెండు వారాలు ఉంది కాబట్టి స్వామి సగం కర్రల చాటునే ఉన్నాడు, అయినా దండం పెట్టుకున్నా. ఎక్కుడంటే ఒక ఫ్లైఓవరే కదా, ఇంతేలే అనుకున్నా. తర్వాత పంజాగుట్ట ఫ్లైఓవర్. అక్కడ రోడ్డు ఊడ్చే అక్క ఒకామె చీపురు పక్కన నిలబెట్టి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని మమ్మల్ని చూస్తోంది. నేను దగ్గరికి వచ్చేసరికి "ఎందుకు బిడ్డా గిట్ల ఉర్కుతున్నరు, ఎవలన్న ఎంటవడ్డరా" అంది. నా పక్కనోడు రొప్పుతూ "పైసలు కట్టి ఉర్కుతున్నం అక్కా" అన్నాడు. ఆమె నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ముప్ఫై కిలోమీటర్లూ నాకు నొప్పి వచ్చినప్పుడల్లా ఆ ప్రశ్నే గుర్తొచ్చింది, సమాధానం మాత్రం తట్టలేదు.

కేబీఆర్ పార్క్ నుంచి జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాకా ఎక్కుడే. కారులో వెళ్తే తెలీదు. ఇక్కడ చాలామంది నడిచేస్తారు, సిగ్గుపడాల్సింది ఏం లేదు, మా బావ హాఫ్‌లో నాలుగు నిమిషాలు పరుగు ఒక నిమిషం నడక అని మొదట్నుంచీ లెక్క పెట్టుకుని వెళ్తాడు, 52 ఏళ్ల మనిషి, చివర్లో కుర్రాళ్లని దాటేస్తాడు. ఆయన ముంబైలో కూడా పరిగెత్తాడు, అక్కడ పెద్దర్ రోడ్ అని ఒక ఎక్కుడుని పట్టుకుని అందరూ కథలు చెప్తారట, "ఇక్కడ పెద్దర్ రోడ్లు వరసగా పేర్చి పెట్టార్రా" అంటాడు.

నేను ఎక్కుళ్లకి తయారై వెళ్లా. కొండపల్లి ఖిల్లా ఘాట్ రోడ్డు మీద ఎనిమిది ఆదివారాలు ఎక్కా. ఇంద్రకీలాద్రి ఘాట్ దగ్గరే గానీ షూ వేసుకుని అమ్మవారి కొండ మీద పరుగు తియ్యడానికి మనసొప్పలేదు. కొండపల్లిలో పైకి పరిగెత్తి, కిందికి బండి మీద వచ్చేవాణ్ణి, మోకాళ్లు పాడవుతాయని. అదే నేను చేసిన తప్పు. ఎక్కేటప్పుడు ఊపిరి ఆడదు, కానీ ఆగితే ఊపిరి వచ్చేస్తుంది. దిగేటప్పుడు ఒళ్లు తూలి ముందుకు పోకుండా ప్రతి అడుగుకీ తొడ కండరం సాగుతూనే బ్రేక్ వెయ్యాలి, ఆ దెబ్బ అప్పటికప్పుడు తెలీదు, పది కిలోమీటర్ల తర్వాత బిల్లు వస్తుంది. నేను రోడ్ నంబర్ 45 ఫ్లైఓవర్ మీంచి దుర్గం చెరువు వైపు దిగేటప్పుడు పోయిన టైమంతా లాగేద్దామని తెగ పరిగెత్తా, ఫలానా టైముకి ముగిస్తానని జెండా పట్టుకుని పరిగెత్తే పేసర్‌ని కూడా దాటేశా, కేబుల్ బ్రిడ్జి మీద గాలి, కింద చెరువు, సెల్ఫీలు తీసుకునేవాళ్లు, నేను రాజాలా వెళ్తున్నా. 2020లో ఆ బ్రిడ్జి ఓపెన్ చేసినప్పుడు టీవీలో చూసి ఎప్పటికైనా దాని మీద నడవాలనుకున్నా, నడవడం ఏంటి, ఎగిరా.

బిల్లు హెచ్‌సీయూలో, అంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, వచ్చింది. ఫుల్ వాళ్లు గచ్చిబౌలి దాకా వచ్చాక నేరుగా స్టేడియంలోకి పోరు, యూనివర్సిటీ క్యాంపస్‌లోకి తిప్పుతారు. చెట్లు, బండరాళ్లు, ఎక్కడో నెమలి అరుపు. వేరే రోజు అయితే ఇంతకంటే మంచి చోటు ఉండదు. ఆ రోజు మాత్రం డప్పులు లేవు, జనం లేరు, హాఫ్ వాళ్లు లేరు, ముందు ఒకడు వెనక ఒకడు, రోడ్డు కొంచెం ఎక్కడం కొంచెం దిగడం. ముప్ఫై అయిదు దాటాక ఒక చిన్న దిగుడు, చిన్న పిల్లాడు సైకిల్ తొక్కకుండా వదిలేసేంత, అక్కడ కుడి తొడ రాయిలా బిగుసుకుపోయింది. చెయ్యి పెట్టి చూస్తే కండరం చర్మం కింద ఎలక పిల్లలా కదులుతోంది. కింద కూర్చోలేను, కూర్చుంటే లేవలేను, ఒక చెట్టుని పట్టుకుని నిలబడ్డా. వాలంటీర్ కుర్రాడు స్ప్రే కొట్టి "అంకుల్, వెనక్కి తిరిగి దిగండి" అన్నాడు. అంకుల్ అన్నందుకు కోపం వచ్చింది గానీ వెనక్కి తిరిగి దిగితే నిజంగానే నొప్పి తక్కువ. అలా రెండు దిగుళ్లు వెనక్కి నడిచా. నన్ను దాటుకుంటూ వెళ్లే ప్రతివాడి మొహమూ ఎదురుగా కనిపిస్తుంది, వాళ్లూ ఏం బాగా లేరు, అదో ఊరట.

అయిదు గంటల నలభై నిమిషాలు పట్టింది. గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలోకి అడుగు పెట్టినప్పుడు ఏడుపొస్తుందని అందరూ చెప్తారు, నాకు ఆకలేసింది. మా బావ హాఫ్ ఎప్పుడో ముగించుకుని, టిఫిన్ చేసి, మెడల్ మెళ్లో వేసుకుని గడ్డిలో పడుకుని ఉన్నాడు, నన్ను చూసి లేచి "ఏరా, కేబుల్ బ్రిడ్జి మీద ఎగిరావా" అన్నాడు. ఎలా తెలిసిందో.

ఫినిష్ అయ్యాక రాయదుర్గం దాకా ఆటో, మెట్రోలో అమీర్‌పేటలో మారి లక్డీకాపూల్. మెట్రోలో మెట్లు కాకుండా లిఫ్ట్ దగ్గర లైన్‌లో నిలబడింది అంతా మెడల్స్ వేసుకున్నవాళ్లే, ముందు ఒక ముసలావిడ "మీరందరూ కుర్రోళ్లే కదా, మెట్లెక్కచ్చుగా" అంది. ఎవ్వరూ కదల్లేదు.

రాత్రికి స్లీపర్ బస్సు. బుక్ చేసేటప్పుడు కిటికీ ఉంది కదా అని అప్పర్ బెర్త్ తీసుకున్నా. మనిషి అనేవాడు చెయ్యకూడని పని. నిచ్చెన ఎలాగోలా చేతులతో లాగి ఎక్కా, తెల్లారుజామున బెంజ్ సర్కిల్‌లో దిగాలంటే కాలు మడవదు. కింద బెర్త్ పెద్దాయన "ఏమైంది బాబూ, ఆక్సిడెంటా" అని అడిగి నా పాదం పట్టుకుని మెట్టు మీద పెట్టాడు, ఒక్కో మెట్టూ, పసిపిల్లాణ్ణి దింపినట్టు.

ఎవరైనా అడిగితే నా ఓటు ఇప్పటికీ స్టార్ట్ వైపు లాడ్జికే, రెండో రోజు అద్దె కూడా ముందే లెక్కేసుకుని వెళ్లండి. హాఫ్ అయితే గచ్చిబౌలిలో ఉండొచ్చు, కానీ క్యాబ్ మీద నమ్మకం పెట్టుకోకండి, ముందురోజే ఎవరైనా తెలిసిన డ్రైవర్‌తో మాట్లాడుకోండి. 10కె వాళ్లకి ఈ తలనొప్పే లేదు, స్టార్ట్ కూడా ఆ వైపే.

నడక సరిగ్గా రాకముందే తర్వాతి ఆదివారం బుడమేరు వాగు పొంగి ఊరి మీదికి వచ్చింది. సింగ్ నగర్‌లో మా వీధిలో నడుం లోతు నీళ్లు, గుమ్మం పక్కన స్టాండులో పెట్టిన షూ మళ్లీ కనపడలేదు. మెడల్ గోడ మేకుకి తగిలించి ఉంది, దానికి బురద అంటలేదు. షూ కొత్తవి కొన్నా, ఇప్పుడు కొండపల్లిలో పైకి బండి మీద వెళ్లి కిందికి పరిగెడుతున్నా.