నాలుగేళ్లుగా పోపుల డబ్బాలోనే నా ఆట సామాను

హన్మకొండలో ఆదివారాలు టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటలు నడిపిస్తుంటాను. అంటే బల్ల చుట్టూ కూర్చుని నేను కథ చెబుతుంటే, ఆడేవాళ్లు ఒక్కో పాత్రగా మారి ఏం చేస్తారో చెబుతారు, ఫలితం పాచికలు తేలుస్తాయి. ఆడేవాళ్లు ఐదుగురు, ఒక్కోసారి ఆరుగురు. మాకంటూ ఒక చోటు లేదు. ఒక వారం నక్కలగుట్టలో, ఒక వారం కాజీపేటలో, నెలకోసారి బస్సెక్కి కరీంనగర్‌లో. అందుకే సామాను మోయడం నాకు చిన్న విషయం కాదు. నాలుగేళ్లుగా నేను మోస్తున్నవి ఒక స్టీలు పోపుల డబ్బా, ఒక పీవీసీ పైపు ముక్క, రెండు పరీక్ష అట్టలు.

అంతకుముందు భుజానికి మామూలు కాలేజీ బ్యాగు ఉండేది. పాచికలన్నీ ఒకే గుడ్డ సంచిలో. ఎనిమిది ముఖాలది కావాలంటే సంచి మొత్తం బల్ల మీద కుమ్మరించాల్సిందే. కొత్తగా ఆడేవాళ్లకు ఎనిమిది ముఖాలదీ పది ముఖాలదీ ఒకేలా కనిపిస్తాయి. అది వెతికి తీసేలోపు గుహలోంచి రాక్షసుడు బయటికొచ్చిన ఆ క్షణం చల్లారిపోయేది. నాకు అన్నిటికంటే బాధ అదే. ఒక జులైలో బస్టాండు దగ్గర వానకు బ్యాగు పూర్తిగా తడిసింది. జెల్ పెన్నుతో రాసిన క్యారెక్టర్ షీట్లు, అంటే ఒక్కో పాత్ర వివరాలు రాసుకునే కాగితాలు, నీలం మరకలయ్యాయి. పెన్సిల్‌తో రాసినవి మాత్రం ఫ్యాను కింద ఆరబెడితే చదవడానికి వచ్చాయి. అప్పటినుంచి మా ఆటలో పెన్ను వాడటం లేదు.

మేం ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటకు ఒక సెట్టులో పాచికలు ఏడు. నాలుగు, ఆరు, ఎనిమిది, పది, పన్నెండు, ఇరవై ముఖాలవి, శాతం లెక్కకు పదుల అంకెలున్న ఇంకో పది ముఖాలది. అమ్మ పోపుల డబ్బాలో గిన్నెలు కూడా ఏడే. ఒక్కో గిన్నెలో ఒక్కో రకం వేశాను. అందరూ ఎక్కువగా వేసే ఇరవై ముఖాలవి నడిమి గిన్నెలో, చిన్నదాని నుంచి పెద్దదాని వరకు మిగతావి దాని చుట్టూ. మొదట్లో ‘‘అక్కా, ఎనిమిది ముఖాలది ఏ గిన్నెల ఉన్నది?’’ అని అడిగేవాళ్లు. రెండు వారాల తర్వాత ఎవరూ అడగలేదు, చెయ్యి దానంతట అదే వెళ్తోంది.

కొనేవాళ్లు రెండు మూతలున్నదే తీసుకోవాలి. లోపలి పళ్లెం గిన్నెల మీద కూర్చుంటుంది కాబట్టి బస్సు కుదుపుకు పాచికలు పక్క గిన్నెలోకి దూకవు. పళ్లేనికీ గిన్నెలకూ మధ్య కొంచెం సందు మిగులుతుంది. అక్కడ పలుచని ఫోము గుండ్రంగా కత్తిరించి పెట్టాను. అయినా డబ్బాను నిలువుగా పెట్టకూడదు, పడుకోబెట్టే మోయాలి. మామూలు బ్యాగులో అది కుదరదు. బ్యాగులు కుట్టే ఆయనతో అడుగు వెడల్పుగా ఉండే రెగ్జిన్ సంచి కుట్టించుకున్నాను. వానకు అదే కాపాడుతోంది. పై మూత బోర్లించి పాత చీర ముక్క పరిస్తే పాచికలు వేసే పళ్లెం అవుతుంది. గుడ్డ లేకుండా వేస్తే స్టీలు మోతకు పక్క గదిలో చదువుకునే పిల్లలకు ఇబ్బంది. వంటింట్లో వాడిన డబ్బా అయితే ఇంగువ వాసన చాలా రోజులు పోదు, ముఖ్యంగా మూతకు రబ్బరు ఉన్నవాటిలో. నేను వారం తర్వాత కొత్తదే కొని, అమ్మది అమ్మకు ఇచ్చేశాను.

ఇక కథ జరిగే చోటును గీసి చూపే మ్యాపు. బట్ట మీద కథల బొమ్మలు గీసిన చేర్యాల నకాషీ పటాలను చుట్టచుట్టి కథకులు ఊరూరా మోసుకెళ్లేవారు, కథ సాగేకొద్దీ ఒక్కో బొమ్మ విప్పి చూపేవారు. మడత పెట్టలేదు కాబట్టే ఆ పటాలు అన్నాళ్లు నిలిచాయని నా నమ్మకం. నా మ్యాపునూ చుట్టే ఉంచుతాను. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పున్న ఫ్లెక్సీ మీద అంగుళం గడులు ప్రింటు చేయించాను. 36 గడులు ఒక వైపు, 24 ఒక వైపు. ఆటలో గడి అంటే ఐదడుగులు కాబట్టి 180 అడుగుల కోట ప్రాంగణమైనా పట్టేస్తుంది. ఫ్లెక్సీ మీద నేరుగా మార్కరుతో రాస్తే మరక పూర్తిగా పోలేదు. అందుకని పైన బల్లల మీద వేసే దళసరి పారదర్శక షీటు పరిచి, తడిగుడ్డతో తుడిచే మార్కర్లతో గీస్తున్నాను. ఎర్ర రంగు రాత్రంతా ఉంచితే దానిమీదా మచ్చ పడుతుంది, ఆట అయిన వెంటనే తుడవాలి. ఈ రెండూ చుట్టి పైపులో పెడతాను. మన ఎండలకు పైపు వేడెక్కి షీటు ఫ్లెక్సీకి అతుక్కుంటోంది, మధ్యలో పాత పేపరు ఉండాల్సిందే.

మ్యాపు మీద పాత్రలు ఎక్కడున్నాయో చూపే బొమ్మల బదులు నాణేలు. క్యారమ్ కాయిన్లు అంగుళం కంటే పెద్దవి, గడిలో పట్టవు. 2011లో వచ్చిన వరుసలో రెండు రూపాయల బిళ్ల 25 మిల్లీమీటర్లు, అంగుళం గడికి సరిగ్గా సరిపోతుంది. పైన స్టిక్కరు అంటించి పేరు రాస్తాం. గుంపుగా వచ్చే చిన్న శత్రువులకు చింతగింజలు చాలు. తగిలిన దెబ్బలు లెక్కపెట్టడానికి గవ్వలు.

పుస్తకాలు మోయడం మానేశాను. ఈ ఆట 2014 ఎడిషన్ మూడు మూల పుస్తకాలూ కలిపితే దాదాపు వెయ్యి పేజీలు, అవి మోసిన రోజుల్లో భుజం నొప్పితోనే ఆట మొదలయ్యేది. మూల నియమాల పత్రాన్ని 2023 జనవరిలో ఎవరైనా వాడుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉచితంగా విడుదల చేశారు కాబట్టి, ఆ రోజుకు కావలసిన పేజీలు మాత్రం ప్రింటు తీసుకుంటాను. పరీక్ష అట్టల మధ్య ఆ కాగితాలూ షీట్లూ నలగకుండా ఉంటాయి. ఆటలో అవే రెండు అట్టలు క్లిప్పులతో కలిపి నిలబెడితే నా రహస్యాలు దాచే తెర.

అన్నీ కలిపి రెండు కిలోలలోపే. ఎక్కువసేపు నిలబడి ప్రయాణించేవాళ్లకు మాత్రం పైపు ఇబ్బందే, సీటు దొరక్కపోతే పక్కవాళ్లకు తగులుతుంది. డబ్బాకు గొళ్లెం లేకపోవడం రెండో లోపం. ఇప్పుడు మూత కూడా కొంచెం వదులైంది, రెగ్జిన్ సంచిలో పెట్టేముందు అడ్డంగా నాడా కట్టి ముడి వేస్తున్నాను. గొళ్లెం ఉన్న డబ్బా ఇదే కొలతలో దొరికితే, ఈ ఏడు గిన్నెలనే అందులోకి మార్చుకుంటాను.