చిరిగిన నోట్ల మార్పిడి: నల్లగొండలో ఒక కమీషన్ దుకాణం, ఒక బ్యాంకు కౌంటరు

వడ్ల బస్తాల మాటున దాచిన డబ్బును ఎలుకలు కొరకడం నల్లగొండ చుట్టుపక్కల ఊళ్లలో కొత్త సంగతి కాదు. అలా పాడైన రెండు 500 రూపాయల నోట్లను కమీషన్ పట్టుకుని నోట్లు మార్చే పట్టణంలోని ఒక దుకాణంలోనూ, తర్వాత ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు శాఖలోనూ చూపించాను.

దుకాణదారు నోట్లను వెలుతురుకు ఎత్తి చూసి, అంచు మాత్రమే పోయినదానికి 400, మూడో వంతు పోయినదానికి 100 ఇస్తానన్నాడు. మాట మర్యాదగానే ఉంది, పని నిమిషంలో తేలిపోతుంది. అయితే ఆయన కూడా వాటిని చివరికి బ్యాంకుకే చేర్చాలి గనుక, ఆ కోత మనకు నిబంధనలు తెలియకపోవడానికీ, వరుసలో నిలబడే ఓపిక లేకపోవడానికీ ఆయన కట్టిన ధర.

బ్యాంకులో మొదటి ప్రశ్న ఖాతా ఇక్కడే ఉందా అని. ఖాతా లేనివారికి కూడా ఏ శాఖైనా నోట్లు మార్చాలన్నది రిజర్వు బ్యాంకు ఆదేశమని గుర్తుచేశాక, ఒక అధికారి నోటును తెల్లకాగితం మీద పరిచి స్కేలుతో కొలిచారు. 50 రూపాయలు, ఆపై నోట్లలో మిగిలిన అతిపెద్ద ముక్క 80 శాతానికి మించితే పూర్తి విలువ, 40 నుంచి 80 శాతం వరకు ఉంటే సగం, అంతకు తగ్గితే ఏమీ రాదు. 20 రూపాయల వరకు నోట్లకు సగానికి మించి మిగిలితే చాలు. ఆ లెక్కన 750 రూపాయలు చేతికొచ్చాయి.

నోటుకు విలువ ఎక్కడి నుంచి వస్తుందో ఈ కౌంటరు దగ్గర బాగా తెలుస్తుంది. నిజాం ఏలుబడిలో ఇక్కడా పాలమూరులోనూ నడిచిన హాలీ సిక్కా, అంటే హైదరాబాద్ సంస్థానపు రూపాయి, ఏడింటికి ఆరు కల్దారు (బ్రిటిష్ ఇండియా) రూపాయల చొప్పున మారుతూ వచ్చి, 1959లో చెలామణి నుంచి తప్పుకుంది. పాత సందూకులో మడత నలగని హాలీ నోటు దొరికినా ఈ కౌంటరులో దానికి పైసా రాదు, కొనేవాడు ఉంటే పాత నోట్లు సేకరించేవాడే. ఎలుక అంచు కొరికిన నోటుకు మాత్రం పూర్తి 500 వస్తుంది, ఎందుకంటే చెల్లిస్తానన్న సంస్థ ఇంకా దాని వెనుక ఉంది. బంగారమే అసలు ఆధారమనుకునేవారు నేటికీ ఉన్నారు. కానీ నోట్ల వెనుక రిజర్వు బ్యాంకు ఉంచాలని 1957 నుంచి చట్టం కోరుతున్న కనీస నిల్వ బంగారం, విదేశీ సెక్యూరిటీలు కలిపి 200 కోట్లే, అందులో బంగారం 115 కోట్లు. చెలామణిలోని నోట్లేమో 30 లక్షల కోట్లు దాటాయి. మిగతా భారమంతా ప్రభుత్వ బాండ్ల వంటి ఆస్తులు, పన్నులను ఈ రూపాయల్లోనే తీసుకునే ప్రభుత్వం, ధరల పెరుగుదలను 4 శాతం దగ్గర ఉంచాలన్న లక్ష్యం, రేపు ఎదుటివాడు కాదనడన్న నమ్మకం మోస్తున్నాయి. ఆ చివరిది లేకపోతే చట్టం కూడా చాలదు: చట్టప్రకారం చెల్లే 10 రూపాయల నాణేలను ఈ శాఖ మారుమాట లేకుండా ఖాతాలో జమ చేసుకుంది, గేటు బయట టీకొట్టు ఆయన మాత్రం "ఇది నడుస్తలేదన్నా" అని తిరిగి చేతిలో పెట్టాడు.

శాఖ మీద నాకున్న అభ్యంతరం ఒక్కటే. కొలతల పట్టిక గోడ మీద ఎక్కడా కనిపించలేదు, అది ఉంటే కమీషన్ దుకాణానికి సగం గిరాకీ పోతుంది. కాలి పెళుసుబారిన నోట్లను మాత్రం శాఖలు తీసుకోవు. వాటిని హైదరాబాద్ సైఫాబాద్‌లోని రిజర్వు బ్యాంకు కార్యాలయానికే తీసుకెళ్లాలి.