బ్రునో .22 రైఫిల్: తుపాకీ బంగారం, గొడవంతా మ్యాగజైన్‌తోనే

బారెల్ పొడవెంత, బరువెంత అనేవి రాయను. అంగుళంలో 0.22 వంతు వ్యాసమున్న చిన్న తూటా కాల్చే ఈ .22 బ్రునో మోడల్ 2 ఒక్కసారి భుజానికి ఆనించినవాళ్ళకి అవన్నీ తెలిసినవే. నేను రాయాలనుకున్నది దాని మ్యాగజైన్ గురించి, అదొక్కటే. అయిదు తూటాలు పట్టే ఆ చిన్న రేకు డబ్బా సరిగ్గా ఉన్నంతకాలం ఈ రైఫిల్‌కి సాటి లేదు. అది తేడా చేసిందా, ఒక్కో తూటా చేత్తో పెట్టుకుని కాల్చుకోవాల్సిందే.

మాది కావలి. రైఫిల్ మా నాయనది, పెద్దవయసులో ఆయన లైసెన్సు నా పేరుకి మార్పించారు. చెకోస్లోవేకియా అనే దేశం ఉన్న రోజుల్లో అక్కడి బ్ర్నో నగరంలో తయారైన సరుకు. నేను వాడేది క్లబ్ రేంజ్‌లో, 50 మీటర్ల టార్గెట్ మీద. ఉదయగిరి వైపు చుట్టాలు పందులు చేను తొక్కేస్తున్నాయి, తుపాకీ తీసుకుని రారాదా అంటుంటారు. వాళ్ళ నష్టం చూస్తే బాధేస్తుంది గానీ, 1972 వన్యప్రాణి చట్టం ఉండగా అనుమతి లేకుండా అట్లా కాల్చడం నేరం, పైగా .22 తూటా పందిని చంపదు, గాయపరిచి వదులుతుంది. ఆ పనికి ఇది ఎప్పుడూ బయటికి రాలేదు, రాదు.

ట్రిగ్గర్, గురి, బోల్టు (తూటాని లోపలికి తోసే కడ్డీ) నునుపు, వీటి మీద నాకు ఏనాడూ ఫిర్యాదు లేదు. అన్నిటికన్నా నాకు ఇష్టం తూటా ఎక్కే తీరు. బోల్టు వెనక్కి లాగి ముందుకి తోస్తే తూటా అసలు ఉందా లేదా అన్నంత మెత్తగా చాంబర్‌లోకి, అంటే గొట్టం వెనక తూటా కూర్చునే చోటికి జారేది. చాలా ఏళ్ళు అట్లాగే నడిచింది, నేనూ దాన్ని ఊరంతా పొగిడాను.

తర్వాత పాత మ్యాగజైన్‌లో స్ప్రింగు వాడిపోయింది. మొదటి మూడు తూటాలు బాగానే ఎక్కేవి, చివరి రెండింటి దగ్గర బోల్టు తూటా అంచుని అందుకోకుండా మీదుగా వెళ్ళిపోయేది. లోపల సరుకు తగ్గేకొద్దీ స్ప్రింగు చాచుకుంటుంది, దాని బలమూ తగ్గుతుంది కాబట్టి ముసలి స్ప్రింగు ఆఖర్లోనే దొరికిపోతుంది. అసలు మ్యాగజైన్ దొరకక, ఒక డీలరు దగ్గర 'దీనికి సరిగ్గా పడుతుంది సార్' అని ఇచ్చిన నకలు మ్యాగజైన్ కొన్నాను. మెరుస్తూ ఉంది, క్లిక్‌మని కూర్చుంది. అప్పుడే 2024 ఎన్నికలొచ్చాయి, మార్చిలో కోడ్ పడగానే అందరితో పాటు నేనూ రైఫిల్ స్టేషన్లో డిపాజిట్ చేశాను. అందుకే కొత్త మ్యాగజైన్ అసలు సంగతి బయటపడింది జూన్ తర్వాతే.

ఇక మొదలైంది. రెండో మూడో తూటాకి బోల్టు సగంలో ఆగిపోయేది. చూస్తే తూటా ముక్కు పైకి లేచి, చాంబర్ నోటికి పైన ఎడమ అంచున గుచ్చుకుని ఉండేది. బయటికి తీస్తే సీసం మీద ఎడమ పక్క సన్నటి వెండి గీత, దాని చివర గోరంచంత సీసం చెక్కు లేచి కనిపించేది. .22 తూటాకి బయట మైనపు పూతే, లోపల మెత్తటి సీసం, కాస్త రాసుకుంటే చాలు సొట్ట పడుతుంది. ఆ తూటాని మళ్ళీ వాడను. లైసెన్సు పుస్తకంలో లెక్క రాయించుకుని తెచ్చుకున్న తూటాలు టార్గెట్ చూడకుండా చెత్త డబ్బాలో జమైపోతుంటే ఒళ్ళు మండేది. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇరుక్కున్నప్పుడు బోల్టుని బలంగా తోయకండి. .22లో మందు రాజేసే రసాయనం తూటా వెనక అంచు లోపలే చుట్టూ ఉంటుంది, చాంబర్‌లో ఒకటి ఉండగా ఇంకోటి వెనక నుంచి నెట్టినా, అంచు ఎక్కడైనా నలిగినా పేలే ప్రమాదం ఉంది. గొట్టం రేంజ్ వైపే ఉంచి, ముందు మ్యాగజైన్ తీసి, తర్వాత నిదానంగా బోల్టు వెనక్కి.

ముందు చాంబర్ మీద అనుమానం వచ్చింది. డిపాజిట్ చేసేటప్పుడు తుప్పు పట్టకుండా దట్టంగా గ్రీజు పూశాను, సముద్రానికి దగ్గర్లో ఉన్న ఊరు మాది, ఉప్పుగాలికి ఇనుము ఊరికే ఎర్రబడుతుంది. ఇత్తడి బ్రష్షుతో తోమితే గ్రీజుతో పాటు చాంబర్ మూతి దగ్గర వలయంలా పేరుకున్న సీసం, మైనం కూడా వచ్చాయి. తూటా తేలిగ్గా కూర్చోవడం మొదలైంది గానీ ముక్కు పైకి లేవడం మాత్రం ఆగలేదు. మ్యాగజైన్ కిందకి దిగి ఉందేమో అని అడుగున చేత్తో పైకి నొక్కిపట్టి, మందు లేని డమ్మీ తూటాలు ఎక్కించాను. మార్పు లేదు, అంటే పట్టుకునే కొక్కెం అరిగిపోలేదు. డమ్మీకి నల్ల మార్కర్ పూసి నెమ్మదిగా తోసి చూస్తే ప్రతిసారీ రంగు పోయింది ఎడమ పైభాగానే. అప్పుడు తేలింది, తూటా తిన్నగా రావట్లేదు, పక్కకి తిరిగి వస్తోంది.

రెండు మ్యాగజైన్లూ పట్టుకుని చెన్నైలో లైసెన్సు ఉన్న ఒక తుపాకుల మేస్త్రి దగ్గరికి వెళ్ళాను. పెద్దాయన, తెలుగువాడే. రెండింటినీ పక్కపక్కన పెట్టి పైనుంచి ఒక్క చూపు చూశాడు.

"లిప్స్ చూడు సామీ," అన్నాడు. తూటాని పైన పట్టి ఉంచే రెండు రేకు అంచులవి. "పాతదాంట్లో రెండూ ఒకేచోట విడిపోతున్నాయి. దీంట్లో కుడిది ముందే వదిలేస్తోంది."

"ఆకురాయితో రెండో పక్క కూడా అరగదీస్తే సరిపోదా అన్నా?"

"ఆకురాయి పెట్టావంటే మ్యాగజైన్ పోయినట్టే. తీసిన రేకు మళ్ళీ రాదు. వంచాలి, అదీ వెంట్రుకవాసి."

ఇన్నేళ్ళు వాడుతున్నా నాకు ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. బోల్టు వెనక నుంచి నెడుతుంటే లిప్స్ తూటా తోకని అణిచిపట్టి ఉంచాలి, ముక్కు చాంబర్ నోట్లో పడ్డాక వదలాలి, అప్పుడు తోక పైకి లేచి బోల్టు ముఖానికి ఆనుతుంది. ముందే వదిలితే ముక్కు ఎగిరి పైన గుద్దుకుంటుంది, ఆలస్యంగా వదిలితే కింది అంచుకి రాసుకుని సీసం చెక్కుకుపోతుంది. మనం బోల్టు తోసే ఆ లిప్తకాలంలో ఇదంతా రెండు రేకు అంచులు చూసుకుంటాయి!

పళ్ళు లేని నున్నటి నోస్ ప్లయర్‌తో కుడి అంచు ముందు భాగాన్ని లోపలికి ఒక చిన్న నొక్కు నొక్కాడు. డమ్మీ ఎక్కించాడు, తీశాడు, చూశాడు. మళ్ళీ అంతే చిన్న నొక్కు. ఒక్కసారికే సరిచేసేయాలన్న తొందర ఆ చేతిలో లేదు. పాత మ్యాగజైన్‌కి స్ప్రింగు మార్చి, పని అయ్యాక రెండూ నా చేతికిచ్చి నువ్వే చూసుకో అన్నాడు. డమ్మీ జారిన ఆ మెత్తదనానికి నాకు కళ్ళు చెమర్చాయి, మా నాయన నేర్పిన రోజుల్లో ఇట్లాగే ఉండేది.

అప్పట్నుంచి పాత మ్యాగజైన్ ఒక్క తూటా కూడా పాడు చేయలేదు. నకలుది గుండ్రటి ముక్కు తూటాలతో బాగా నడుస్తోంది, ముక్కులో గుంట ఉన్నవి వేస్తే మాత్రం అప్పుడప్పుడూ తట్టుకుంటోంది, కాబట్టి దాన్ని ప్రాక్టీసుకే ఉంచాను. 'క్లిక్‌మని కూర్చుంది' అని పైన రాశాను కదా, కూర్చోవడం వేరు, తూటా ఇవ్వడం వేరు. బ్రునో ఎట్లాంటి తూటా అయినా తింటుందని ఒకప్పుడు చెప్పేవాణ్ణి, ఇప్పుడు పాత మ్యాగజైన్ ఉంటేనే అంటాను.

పాత బ్రునో రైఫిల్ కొనాలనుకునేవాళ్ళు బారెల్‌లోకి తొంగిచూసే ముందు మ్యాగజైన్ అసలుదో కాదో చూడండి, అయిదూ నింపి డమ్మీలతో ఆఖరిదాకా ఎక్కించి చూపించమనండి. తర్వాత వచ్చిన చెక్ రైఫిల్ సీజెడ్ 452 మ్యాగజైన్లు దీనికి పడతాయి, దొరికితే నకలు జోలికి పోవద్దు. నాకైతే ఇది మా నాయన చేతి వస్తువు, మెప్పులో ఆ మమకారం కొంత ఉంటుంది. కావలి నుంచి చెన్నై రైల్లో పొద్దున వెళ్ళి రాత్రికి రావచ్చు, మంచి మేస్త్రి అందుబాటులో ఉన్నాడు, నేను కాల్చేది కాగితం టార్గెట్ మీద నింపాదిగా. విడిభాగాలు దొరకని చోట ఉండి, పోటీలకి టైము పెట్టుకుని కాల్చేవాళ్ళయితే స్పేర్లు సులభంగా దొరికే కొత్త రైఫిల్ కూడా ఒకసారి చూసుకుని అప్పుడు నిర్ణయించుకోండి.