గంజాయి కేసు శిక్షణ: అకాడమీ తరగతా, ఈగల్‌లో పనా, స్టేషన్ రిహార్సలా?

గంజాయి పట్టుకోవడం మన పోలీసులకు కొత్తగా నేర్పాల్సిన విద్యేం కాదు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు 2 లక్షల కిలోల సరుకును తగలబెట్టారు. అంత సరుకు పట్టుకున్నవాళ్లకు పట్టుకోవడం రాదని ఎవరంటారు? చిక్కంతా ఆ తర్వాతే. మూట దొరికిన క్షణం నుంచి స్టేషన్‌లో కాగితాలు పూర్తయ్యేదాకా గడిచే కొన్ని గంటల్లో జరిగిన పొరపాటు, ఏళ్ల తర్వాత కోర్టులో బయటపడుతుంది. అప్పటికి ఆ ఎస్సై ఇంకో సర్కిల్లో ఉంటాడు. మధ్యవర్తిగా, అంటే సోదాకు సాక్షిగా సంతకం పెట్టిన వీఆర్వోకు ఏదీ సరిగ్గా గుర్తుండదు.

జిల్లా ఎస్పీకి శిక్షణ కోసం దొరికే రోజులు తక్కువ. ఎన్నికలు, జాతరలు, బందోబస్తులు పోగా మిగిలినవే. వాటిని అకాడమీ తరగతులకు పెట్టవచ్చు, మత్తుమందుల కేసులే చూసే ఈగల్ లాంటి ప్రత్యేక దళంలో కొన్ని నెలల పనికి పెట్టవచ్చు, లేదా సొంత స్టేషన్‌లోనే సోదా రిహార్సల్‌కు పెట్టవచ్చు. నా ఓటు మూడోదానికి. మొదటిదాన్ని మానేయమనను, కుదించమంటాను. రెండోది కొద్దిమందికే, కానీ గట్టిగా.

అకాడమీ సంగతి ముందు తేల్చేద్దాం. సంస్థలకు కొదవ లేదు. హైదరాబాద్ రామంతాపూర్‌లో కేంద్ర డిటెక్టివ్ శిక్షణ సంస్థ, హిమాయత్‌సాగర్ దగ్గర తెలంగాణ పోలీసు అకాడమీ ఉన్నాయి. (శ్రీసత్యసాయి జిల్లా పాలసముద్రంలో 2024 జనవరిలో ప్రారంభమైన నాసిన్ అనే అకాడమీ పూర్తి పేరులోనూ నార్కోటిక్స్ ఉంది గానీ, అది ప్రధానంగా కస్టమ్స్, పరోక్ష పన్నుల అధికారుల బడి.) తరగతి గది అక్కరకొచ్చేది చట్టం మారినప్పుడు. మత్తుమందుల కేసులకు ఆధారమైన ఎన్‌డీపీఎస్ చట్టం 1985 నాటిదే అయినా, ఈ మధ్య దాన్ని అమలు చేసే తీరు చాలా మారింది. సెక్షన్ 67 కింద అధికారులు రాసుకున్న వాంగ్మూలాన్ని నేరాంగీకారంగా వాడకూడదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. 2022 డిసెంబరులో వచ్చిన నిబంధనల ప్రకారం నమూనాలు తీయాల్సింది రోడ్డు పక్కన కాదు, మేజిస్ట్రేట్ సమక్షంలో. గంజాయికి 24 గ్రాముల చొప్పున, ప్రతి నమూనా రెండేసి. 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 105 కింద సోదాను వీడియో తీయడం తప్పనిసరి అయింది. మేజిస్ట్రేట్ ఎదుట నమూనాలు తీయాలనే సెక్షన్ 52ఏ పాటించడంలో లోపం ఒక్కటే కేసును కూల్చదని, మిగతా సాక్ష్యం గట్టిగా ఉంటే శిక్ష నిలుస్తుందని 2025 జనవరిలో సుప్రీంకోర్టు మరో మాట చెప్పింది.

ఇవన్నీ చెప్పడానికి ఒక పూట చాలు. మూడు రోజులు సాగదీసి, చివర్లో గ్రూపు ఫొటో తీయాల్సినంత విషయం ఇందులో లేదు. పైగా అలాంటి కోర్సుకు స్టేషన్ నుంచి ఎవరిని పంపుతారు? లేకపోయినా పని ఆగనివాణ్ని. పంచనామా రాసే రైటర్‌ను ఎప్పటికీ పంపరు, అతను కదిలితే స్టేషన్ ఆగిపోతుంది కాబట్టి.

ఇక రిహార్సల్. ఒక పాత కారు, బస్తా నిండా ఎండుగడ్డి, డిజిటల్ కాటా, ముద్దాయి వేషానికి ఇద్దరు కానిస్టేబుళ్లు ఉంటే చాలు. ఖర్చు లేదు. కానీ ఇందులో బయటపడే తప్పులు ఏ పవర్‌పాయింట్‌లోనూ బయటపడవు.

మొదటి చిక్కు కారు ఆపగానే వస్తుంది. రోడ్డు బహిరంగ ప్రదేశమే కదా, బహిరంగ ప్రదేశాల్లో సోదాకు సంబంధించిన సెక్షన్ 43 చాలనుకుంటారు చాలామంది. ఆర్టీసీ బస్సయితే సరే. సొంత వాహనమైతే అది రోడ్డు మీద ఉన్నంత మాత్రాన బహిరంగ ప్రదేశం కిందికి రాదని, సెక్షన్ 42 పాటించాల్సిందేనని హర్యానా జీపు కేసులో 2021లో సుప్రీంకోర్టు తేల్చి, ముద్దాయిలను వదిలేసింది. అంటే ముందస్తు సమాచారం వస్తే అది కాగితం మీదికి ఎక్కాలి, 72 గంటల్లో పై అధికారికి ప్రతి చేరాలి. సూర్యాస్తమయం తర్వాతి సోదా అయితే వారెంట్ కోసం ఎందుకు ఆగలేకపోయారో కారణం కూడా రాయాలి. చెక్‌పోస్టు దగ్గర అర్ధరాత్రి మూడింటికి ఇది గుర్తుకు రావాలంటే చదివితే సరిపోదు, పదిసార్లు చేసి ఉండాలి.

తర్వాత సెక్షన్ 50. ఒంటి మీద సోదా చేసే ముందు, గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేట్ ఎదుట సోదా చేయించుకునే హక్కు నీకుందని ముద్దాయికి చెప్పాలి. పట్టుబడిన ఇద్దరికీ కలిపి ఒకే నోటీసు ఇచ్చి కింద రెండు సంతకాలు పెట్టిస్తే చెల్లదు. ‘లేదంటే మేమే సోదా చేయమంటావా?’ అని మూడో దారి చూపించినా చెల్లదు. 2014లో రాజస్థాన్ కేసులో సుప్రీంకోర్టు ఈ రెండింటినీ తప్పు పట్టింది. చేతిలో సంచి ఒక్కటే వెతికితే ఈ సెక్షన్ వర్తించదు. ఇంతవరకు అందరూ చెబుతారు. ఎవరూ చెప్పనిది భాష సంగతి. మన్యం నుంచి సరుకు మోసేవాళ్లలో తమిళం, మలయాళం, మరాఠీ మాట్లాడేవాళ్లుంటారు, ఒడిశా వైపు నుంచి కువి తప్ప మరో భాష సరిగ్గా రాని గిరిజన కుర్రాళ్లుంటారు. తెలుగులో అచ్చేసిన నోటీసు వాళ్ల చేతిలో పెట్టి వేలిముద్ర వేయిస్తే హక్కు తెలియజేసినట్టా? అందుకే రిహార్సల్‌లో ముద్దాయి వేషం వేసినవాడు తెలుగు రానట్టే నటించాలి. అప్పుడుగానీ దుభాషి కోసం ఎవరికి ఫోన్ చేయాలో స్టేషన్‌లో ఎవరికీ తెలియదన్న సంగతి బయటపడదు.

తూకం మరో గొయ్యి. 20 కిలోలు దాటితేనే వాణిజ్య పరిమాణం. అప్పుడు పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల శిక్ష, బెయిలు దగ్గర సెక్షన్ 37 అడ్డుకట్ట. దాటకపోతే కథ వేరు. చట్టం గంజాయి అన్నది పూత, కాయ ఉన్న కొమ్మచివరలను. ఆ కొనలు లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు ఆ నిర్వచనంలోకి రావు. గోనెసంచి, ప్లాస్టిక్ చుట్లు, కాడలు అన్నీ కలిపి కాటా మీద పెట్టి ‘21 కిలోలు’ అని రాసేస్తే డిఫెన్స్ లాయరు మొదట పట్టుకునేది దాన్నే. ఖాళీ సంచి బరువు విడిగా రాయడం, లోపల ఏముందో వర్ణించడం చిన్న పనులే. ఎవరో పక్కన నిలబడి చేయించేదాకా అవి అలవాటు కావు.

ఆ తర్వాత వీడియో. సీలేరు ఘాట్‌లో సిగ్నల్ ఉండదు, ఫోన్‌లో చార్జింగ్ పన్నెండు శాతం ఉంటుంది, సీలు వేస్తుండగా కెమెరా ఆగిపోతుంది. పంచనామాలో రాసిన సమయానికీ వీడియోలో కనిపించే సమయానికీ తేడా ఉంటే ఆ వీడియో ముద్దాయికే సాక్షి. చివర్లో అరెస్టు, జప్తు వివరాలతో సెక్షన్ 57 నివేదిక, 48 గంటల్లో పై అధికారికి. రిహార్సల్ అయిన వారానికి అదే ఎస్సైని, అదే మధ్యవర్తిని బోనులో నిలబెట్టి, పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పీపీ) చేత డిఫెన్స్ లాయరులా గంటసేపు క్రాస్ ఎగ్జామినేషన్ చేయించాలి. ఏ శిక్షణలోనూ ఇంతకంటే విలువైన గంట ఉండదని నా నమ్మకం.

రిహార్సల్‌కు లోటు లేదని కాదు. నేర్పేవాడే తప్పు అలవాటులో ముదిరినవాడైతే ఆ తప్పు స్టేషన్ మొత్తానికి అంటుకుంటుంది. అందుకే పీపీ లేకుండా దీన్ని చేయకూడదు. ఇంకో పెద్ద లోటు ఉంది: మూట మోసినవాడి మీద కేసు నిలబెట్టడం ఇది నేర్పుతుంది గానీ, మూట పంపినవాడి దగ్గరికి తీసుకెళ్లదు.

దానికి ప్రత్యేక దళంలో పనే దారి. ఆంధ్రలో 2024 చివర్లో ఏర్పడిన ఈగల్, తెలంగాణలో నార్కోటిక్స్ బ్యూరోగా మొదలై 2025లో అదే పేరు పెట్టుకున్న ఈగల్, కేంద్రంలో నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో (ఎన్‌సీబీ). వీటిలో కొన్ని నెలలు పని చేసిన అధికారి దొరికిన ఫోన్‌ను, యూపీఐ చెల్లింపులను, లాడ్జి రిజిస్టరును ఒకే దారానికి గుచ్చడం నేర్చుకుంటాడు. కుట్రకు సెక్షన్ 29 ఎప్పుడు నిలుస్తుందో, 1988 నాటి ముందస్తు నిర్బంధ చట్టం కింద ప్రతిపాదన ఎలా రాయాలో తెలుస్తుంది. ఆస్తి స్తంభన ఆ అధికారి చేతి మీదుగా జరిగితే తప్ప అర్థం కాదు: సెక్షన్ 68ఎఫ్ ఉత్తర్వును 48 గంటల్లో కాంపిటెంట్ అథారిటీకి తెలపాలి, 30 రోజుల్లో అక్కడ ఖరారు కాకపోతే దానికి విలువ లేదు. మనకు ఆ ఆఫీసు చెన్నైలో ఉంది. తెలంగాణలో కల్లులో కలిపే ఆల్ప్రజోలం అనే మత్తుమందు లాంటి కేసుల్లో ఈ విద్య లేనిదే అడుగు పడదు. అక్కడ వాణిజ్య పరిమాణం 100 గ్రాములే. కల్లు దుకాణంలో పొట్లం పట్టుకోవడం తేలిక, అది ఏ రసాయన ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిందో తవ్వడమే అసలు దర్యాప్తు.

మరి అందరినీ అక్కడికే పంపొచ్చుగా? పంపితే దళం నడవదు, స్టేషన్ నడవదు. పైగా మన బదిలీల తీరు తెలిసిందే. ఆరు నెలలు ఈగల్‌లో నేర్చుకుని వచ్చినవాణ్ని ట్రాఫిక్‌లో వేస్తారు. వచ్చాక కనీసం రెండేళ్లు అదే పనిలో ఉంచుతామని ముందే ఉత్తర్వు ఇవ్వకపోతే ఈ శిక్షణకు డబ్బు పెట్టకపోవడమే మేలు. డార్క్‌నెట్, క్రిప్టో మీద ఆన్‌లైన్ కోర్సులు హైదరాబాద్, బెంగళూరు లాంటి నగర కమిషనరేట్లకు పనికొస్తాయి. చింతపల్లి ఎస్సైకి వాటితో అవసరం తక్కువ.

చోటును బట్టి లెక్క మారుతుంది. అల్లూరి జిల్లా, నర్సీపట్నం, తుని, జాతీయ రహదారి 16 మీది స్టేషన్లయితే శిక్షణ రోజుల్లో ఎక్కువ భాగం రిహార్సల్‌కే ఇవ్వాలి. రైల్వే పోలీసులకూ అంతే. వాళ్లకు దొరికేవి ఎక్కువగా యజమాని తెలియని సంచులు కాబట్టి, రిహార్సల్‌ను ప్లాట్‌ఫారం మీదే చేయాలి. సైబరాబాద్ లాంటి చోట ఎండీఎంఏ అనే రసాయన మత్తుమందు 10 గ్రాములకే వాణిజ్య కేసవుతుంది, కొనేవాడూ అమ్మేవాడూ ఫోన్‌లోనే కలుస్తారు. అక్కడ సర్కిల్‌కు ఇద్దరినైనా ప్రత్యేక దళానికి పంపక తప్పదు.

మొదటి విడత ఎవరికి అంటే, సీఐల కంటే ముందు రైటర్లకు, హెడ్ కానిస్టేబుళ్లకు. పాఠ్యాంశంగా కొత్త పుస్తకం అక్కర్లేదు. ఆ జిల్లా కోర్టులో గత మూడేళ్లలో కొట్టేసిన ఎన్‌డీపీఎస్ కేసుల తీర్పులు తెచ్చి, ‘ప్రాసిక్యూషన్ నిరూపించలేకపోయింది’ అన్న మాట ముందున్న రెండు పేరాలు చదివించి, ఆ తప్పు జరిగిన ఘట్టాన్నే మళ్లీ చేసి చూపించమనాలి.