పెట్టెలోంచి వచ్చిన పదును: జోలింగెన్ మంగలికత్తి, దీర్ఘకాల వాడకం తరువాత

ఈ కత్తి మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే, కానీ అది చిన్నది కాదు. ‘నేరుగా గడ్డానికి పెట్టుకోవచ్చు’ అని రాసి అమ్మిన మంగలికత్తి గడ్డానికి పెట్టే స్థితిలో లేదు. ఉక్కు మంచిది, పనితనం మంచిది, పిడి చేతిలో చక్కగా కుదురుకుంటుంది. కోయవలసిన ఆ సన్నని వాదర మాత్రం సగం పొడవునే తయారై వచ్చింది. కొన్నేళ్లుగా కాకినాడలో, మా ఇంట్లో, ఎక్కువగా ఈ కత్తితోనే గడ్డం చేసుకుంటున్నాను. ఇవాళ దీన్ని వదులుకోమంటే ఒప్పుకోను. అయినా కొత్తగా నేర్చుకోవాలనుకునేవారు అడిగితే ఆ మొదటి పదును సంగతే ముందు చెబుతాను. నాకు తెలిసిన ఇద్దరు ముగ్గురు ఈ పనిని మొదట్లోనే వదిలేయడానికి కారణం కూడా అదే.

కార్బన్ ఉక్కు, అంగుళంలో 5/8 వంతు వెడల్పు, రెండు పక్కలా లోతుగా తొలిచిన రకం. నేర్చుకునేవారికి సాధారణంగా సూచించే కొలతే కనుక దాని గురించి ఎక్కువ చెప్పను. కత్తుల తయారీకి పేరున్న జర్మనీ నగరం జోలింగెన్ పేరు మీద కొంత చెప్పాలి. ఆ పేరును ఆ ప్రాంతంలో తయారైన కత్తులకే వాడాలన్న నిబంధన జర్మనీలో 1938 నుంచి ఉంది. ఆ ముద్ర చూసి నేను ధైర్యంగా కొన్నాను, ఉక్కు విషయంలో ఆ ధైర్యం వమ్ము కాలేదు. అయితే ఆ ముద్ర ఉక్కుకూ తయారీకీ పూచీ పడుతుంది గానీ, చివరగా సానరాయి మీద దానికి ఎంత ఓపికగా పదును పెట్టారన్న దానికి పూచీ పడదు.

మొదటి కొన్ని వారాలు కత్తి వెంట్రుకను కోయలేదు, పీకింది. చెంప మీద ఒకచోట నున్నగా జారేది, రెండు వేళ్ల అవతల పట్టుకుని లాగేది. పటిక రాసుకుంటే చెంపంతా భగ్గుమనేది. ఎవరిని అడిగినా చెప్పే సలహాలు ఒకటే: చర్మాన్ని బాగా సాగదీసి పట్టుకోవాలి, కత్తిని చర్మానికి సుమారు 30 డిగ్రీల వాలులో ఉంచాలి, నురుగు దట్టంగా, తడిగా ఉండాలి. ఈ సలహాల్లో ఒక్కటీ తప్పు కాదు. నాకు కోపం తెప్పించేది కూడా అదే. కొత్తవాడి దగ్గర మంచి పదునుకు కొలబద్ద ఉండదు. తప్పు చేతిదా కత్తిదా అని తేల్చుకునే దారి ఉండదు. కనుక అమ్మినవారి లోపమంతా కొన్నవాడి చేతి మీదకు పోతుంది. సాధన చేస్తే వస్తుందని నమ్మి, కోయలేని కత్తితో రోజూ ముఖం గీరుకుంటూ ఉంటాడు.

నాకు దారి చూపించింది సెలూన్లలో ఇప్పుడు వాడే ఉస్తరా. బ్లేడును సగానికి విరిచి బిగించే రకం, చవకగా దొరుకుతుంది. అదే సబ్బు, అదే నురుగు, అదే చేయి, అదే వాలు. కొత్త బ్లేడు వేసి చూస్తే ఎక్కడా పీకలేదు. ఆ రోజుతో చేతి మీది అనుమానం పోయింది. నేర్చుకునేవారందరికీ ఈ పరీక్షను గట్టిగా సిఫారసు చేస్తాను. ఉస్తరాతో సాఫీగా గడ్డం గీయగలిగిన చేయి మంగలికత్తితో గీయలేకపోతే ముందుగా అనుమానించవలసింది కత్తిని.

ఆ తరువాత కత్తిని మా వీధి చివరి సెలూన్‌లో పెద్దాయనకు చూపించాను. హెచ్‌ఐవీ, కామెర్ల భయం వచ్చాక సెలూన్లు ప్రతి మనిషికీ కొత్త బ్లేడు వేసే పద్ధతికి మారిపోవడం వల్ల సానపట్టిన కత్తిని చేత్తో పట్టి చూడగలిగినవారు ఈ రోజుల్లో తక్కువే. ఆయన మాత్రం బొటనవేలిని తడిచేసుకుని వాదర మీద అడ్డంగా, తగిలీ తగలనట్టు ఆనించి, చివరిదాకా అలాగే చూసుకుంటూ పోయి, పిడికి దగ్గరగా ఆగారు. “ఇక్కణ్ణించి సాన తగల్లేదండి. కొనవైపు తెగుద్ది, ఇటువైపు పీకుద్దండి” అన్నారు. చెంప మీద నేను చూసింది కూడా అచ్చంగా అదే.

ఇంటికి వచ్చి వాదరకు రెండు పక్కలా మార్కర్ పెన్నుతో నల్లగా గీసి, తడిపిన సానరాయి మీద మెల్లగా ఒక్కసారి అటూ ఇటూ నడిపి, కంసాలులు వాడే పది రెట్ల భూతద్దంతో చూశాను. కొన నుంచి సగం దాకా సిరా చెరిగిపోయి ఉక్కు మెరుస్తోంది. పిడి వైపు సగంలో సిరా గీత వాదర అంచున చెక్కు చెదరకుండా అలాగే ఉంది. అంటే అక్కడ ఏ రాయీ చివరి అంచు దాకా చేరలేదు. కారణం కూడా తరువాత అర్థమైంది. మంగలికత్తిని సానపట్టేటప్పుడు వెన్నూ (వాదరకు ఎదురువైపున్న మందపాటి అంచు) వాదరా రెండూ ఒకేసారి రాయికి ఆనాలి. ఆ వెన్ను మందమే వాదరకు కోణాన్ని నిర్ణయిస్తుంది, విడిగా కొలిచే పని లేదు. కానీ పిడి దగ్గర ఉక్కు మందంగా మిగిలే భాగం ఒకటుంటుంది. అది రాయి అంచు మీదకు ఎక్కితే దాని పక్కనున్న వాదర గాలిలోకి లేస్తుంది. తొందరగా సానపట్టినచోట ఇదే జరుగుతుంది.

సరిచేయడానికి 1000 నంబరు రాయితో (నంబరు పెరిగేకొద్దీ రాయి గరుకు తగ్గుతుంది) మొదలుపెట్టవలసి వచ్చింది. మందపాటి భాగం రాయికి తగలకుండా కత్తిని ఏటవాలుగా పట్టి, వాదర ముందుగా వెళ్లేట్టు నడుపుతూ, మధ్యమధ్య మళ్లీ సిరా గీసి చూసుకుంటూ, ఆ గీత చివరి నుంచి చివరి దాకా చెరిగిపోయేవరకూ అదే రాయి మీద ఉన్నాను. ఆ తరువాతే 5000, 8000, చివరికి 12000. మొదటి రాయి మీద వేలి బరువు కాస్త పడవచ్చు; చివరి రాయి మీద కత్తి సొంత బరువు తప్ప ఏమీ పడకూడదు. పై రాళ్లు నునుపు చేస్తాయి గానీ, 1000 మీద ఏర్పడని వాదరను ఏర్పరచలేవు. ఈ ఒక్క సంగతి ముందే ఎవరైనా చెప్పి ఉంటే నాకు ఎన్నో ఉదయాలు మిగిలేవి. రాళ్లకైన ఖర్చు కత్తి ధరను మించిపోయింది, ఈ లెక్క అమ్మేవారు ఎక్కడా చెప్పరు.

ఆ సాన తరువాత కత్తి పూర్తిగా మారిపోయింది. చెంప మీద జారుతున్నప్పుడు వెంట్రుకలు తెగే సన్నని చప్పుడు వినిపిస్తుంది, చేతికి మాత్రం ఏమీ తగలదు. పటిక రాసుకున్నా మంట లేదు. ఆ ఆనందంలో అప్పట్లో మిత్రులతో ‘ఇక దీనికి ఖర్చే లేదు, జన్మంతా వస్తుంది’ అని చెప్పాను. కత్తి మటుకు వస్తుందనే ఇప్పటికీ నా నమ్మకం. ఖర్చు లేకపోవడమనేది సానపట్టడం మన చేతికి వచ్చినప్పుడే నిజమవుతుంది. దానికి పట్టే కాలాన్ని కూడా ఖర్చుగానే లెక్కవేసుకోవాలి.

రోజువారీ పదును తోలుపట్టీ చూసుకుంటుంది; ఒకవైపు తోలు, ఒకవైపు గుడ్డ ఉండే ఈ పట్టీ మీద కత్తిని అటూ ఇటూ నడపాలి. గడ్డానికి ముందు గుడ్డ వైపు కొంచెం, తోలు వైపు ఎక్కువ. ఇక్కడ వెన్ను ముందు వెళ్లాలి, వాదర వెనక రావాలి; పట్టీ చివర కత్తిని తిప్పవలసింది వెన్ను మీదనే; పట్టీ వదులు కాకుండా బిగువుగా ఉండాలి, లేదంటే పదునైన అంచు గుండ్రబడిపోతుంది. పట్టీ సరిగా వాడితే నెలల తరబడి రాయి అవసరం రాదు. వానాకాలంలో బీరువాలో పెడితే తోలుకు బూజు పడుతుంది కనుక గాలి తగిలేచోట వేలాడదీసి, పొడిగుడ్డతో తుడుస్తున్నాను.

కార్బన్ ఉక్కును పైన మెచ్చుకున్నాను. ఆ మెప్పుకు సముద్రతీరంలో ఒక హద్దు ఉంది. ఉప్పు కలిసిన ఈ తేమలో పిడికీ ఉక్కుకూ మధ్య చీల ఉన్నచోట నీటిచుక్క మిగిలిందంటే అక్కడ తుప్పు చుక్కలు పొడుస్తాయి. వాదర అంచున పొడిస్తే మళ్లీ రాయి ఎక్కించవలసిందే. కత్తిని స్నానాలగదిలో ఉంచను. గడ్డం కాగానే పిడి సందులో కాగితం దూర్చి తడి లాగేసి, తోలు మీద రెండు మూడుసార్లు తిప్పి, కుట్టుమిషను నూనె ఒక చుక్క రాసి పెడతాను. కొబ్బరినూనె పనికిరాదు, నాళ్లు గడిచేకొద్దీ జిగురు కడుతుంది. హైదరాబాదులో ఉన్న మా బంధువు దగ్గర ఇలాంటి కత్తే ఉంది. ఆయన తుడిచి పెట్టేస్తారు, అంతే, ఒక్క మచ్చ లేదు. నీటి సంగతీ ఇలాంటిదే. మా బోరు నీళ్లలో నురుగు నిలవదు, ఆరిపోయిన నురుగు మీద ఎంత మంచి కత్తి అయినా గీరుతుంది. తాగే నీళ్లతోనే సబ్బు కలుపుకుంటాను.

కొనవచ్చా అంటే, నా పరిస్థితి చూసి చెప్పవలసిన మాట ఇది. నా పని పదింటికి గానీ మొదలవదు, ఇంట్లో చిన్నపిల్లలు లేరు, రక్తం పలచబడే మందులు వాడటం లేదు, చేయి వణకదు. వీటిలో ఏది తేడా ఉన్నా నా మాట అలాగే తీసుకోవద్దు. మళ్లీ కొనవలసి వస్తే తీరప్రాంతంలో ఉన్నంతకాలం తుప్పు పట్టని ఉక్కు కత్తి కొంటాను. చేత్తో సానపట్టి, సిరా పరీక్ష చేసి పంపుతామని మాట ఇచ్చేవారి దగ్గర, ధర కాస్త ఎక్కువైనా కొంటాను. ఇంత కాలమైనా ముక్కు కింద, పై పెదవి మూలల్లో నాకు ఈ కత్తితో తృప్తిగా రాదు. అక్కడికి మాత్రం సేఫ్టీ రేజరే వాడుతున్నాను.